గోగునార మిల్లు మూతపడ్డ శుక్రవారం

ఈమధ్య మా వీధిలో ఒకమ్మాయికి ఫోన్ ఆటలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. మిఠాయి ఇవ్వడానికి వచ్చి, "మీరూ అలాంటిచోట చేశారట కదా ఆంటీ, ఏం చేసేవారు?" అని అడిగింది. "షేర్ల ధరలు పెంచేదాన్ని, దించేదాన్ని" అన్నాను. హాస్యమనుకుని నవ్వింది. నిజానికి నా ఉద్యోగం అదే. ఆమెకు ఆ రోజు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. ఆ పనిలోకి వెళ్లే పిల్లలు ఇంకా ఉంటారు కదా.

విజయనగరంలో ఒక షేర్ల బ్రోకరు ఆఫీసులో ఇరవై ఆరేళ్లు డీలరుగా పనిచేశాను. ఖాతాదారులు ఫోన్ చేసి చెబితే కంప్యూటరులో కొనడం, అమ్మడం. తరవాత్తరవాత ఎవరి ఫోనులో వాళ్లే కొనుక్కోవడం మొదలయ్యాక మా ఆఫీసు చిక్కి చిక్కి ఒకనాడు ఆగిపోయింది. అప్పటికి నాకు యాభై నాలుగేళ్లు. ఇంట్లో టీవీ ముందు కూర్చుని, పైకీ కిందకీ పోతున్న ధరలు చూస్తూ, ఎవరూ ఏమీ చెప్పకపోయినా ఒళ్లో వేళ్లు కదుపుకుంటున్న రోజులవి. పాత ఖాతాదారు ఒకాయన కొడుకు వచ్చి పిలిచాడు. బెంగళూరులో కొన్నాళ్లు చేసి తిరిగొచ్చి, ఒక బట్టల కొట్టు మేడమీద రెండు గదులు అద్దెకు తీసుకుని ఫోనులో ఆడుకునే ఆట ఒకటి తయారుచేస్తున్నాడు.

"మా ఆటలో షేర్ మార్కెట్ ఉంది మేడమ్. కానీ అది మార్కెట్‌లా లేదు. ఎందుకో మాకు అర్థం కావడం లేదు" అన్నాడు.

వెళ్లి చూశాను. ఆటలో సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఆడేవాళ్లు చేపలు పడతారు, బట్ట నేస్తారు, సంతలో అమ్ముతారు. వచ్చిన నాణేలతో ఆ ఊళ్లోని కంపెనీల షేర్లు కొనుక్కుంటారు. ఉప్పు కొఠార్లు, జీడిపప్పు కార్ఖానా, ఖద్దరు నేత సంఘం, బస్సుల కంపెనీ, గోగునార మిల్లు, ఇలా ఏడు. ఆ నాణేలు ఆటలోవే. వాటితో బయట చాయ్ కూడా రాదు.

మార్కెట్ భాగం రాసింది ఆమదాలవలస వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి. మొదటిరోజే నన్ను పిన్నీ అంది.

"ధర ఎలా కదులుతుందమ్మా?" అని అడిగాను.

"పాచికలేసినట్టే పిన్నీ. కంప్యూటరే ఏదో ఒక అంకె తీస్తాది."

"అయితే ఇది అష్టాచెమ్మా. ఇందులో భయం ఏదీ?"

ఆ పిల్ల కుర్చీ నా వైపు తిప్పి, "భయానికి సూత్రం ఉంటాదేటి?" అంది. ఉందో లేదో ఇద్దరం కలిసి మూడు నెలలు వెతుక్కున్నాం. ప్రతి కంపెనీకీ లోపల ఒక అసలు విలువ పెట్టాం. అది ఆడేవాళ్లకి కనబడదు. వానలకీ, చేపల వేటకీ, తుఫానులకీ నెమ్మదిగా మారుతుంది. పైకి కనబడే ధర, గుంజకు కట్టిన గేదెలా దాని చుట్టూ తిరుగుతుంది. కొనేవాళ్లు ఎక్కువైతే ఒకవైపు లాగుతుంది, అమ్మేవాళ్లు ఎక్కువైతే ఇంకోవైపు. అమ్మకం లాగినంత జోరుగా కొనుగోలు లాగకూడదని పట్టుబట్టింది నేనే. ఇరవై ఆరేళ్లు చూశాను, జనం మెట్లెక్కినట్టు కొంటారు, మేడమీంచి దూకినట్టు అమ్ముతారు. నిజం మార్కెట్లో మనం అమ్మాలంటే అవతల కొనేవాడొకడు ఉండాలి. మా ఆటలో మధ్యాహ్నం పూట పదిమంది కూడా ఉండరు కాబట్టి, అమ్మేవాడు దొరక్కపోతే యంత్రమే కొట్టువాడిలా నిలబడి అమ్మేది. కొనేవాడు దొరక్కపోతే అదే కొనేది.

వార్తలు రాయడం నా పని. రోజూ రెండు ముక్కలు. దాంతోపాటు ఉత్తరాలు. ఏ రోజు ఏ కంపెనీ షేరు కొన్నా, అమ్మినా, ఆ కంపెనీలో పనిచేసేవాళ్లు రాసినట్టు ఒక ఉత్తరం వచ్చేది. జనం రోజూ రావాలని ఆ పిల్ల చేసిన ఏర్పాటు. నేను మన మాటల్లోనే రాసేదాన్ని. "రాత్రి వానకి నారంతా తడిసిపోయినాది. స్పిన్నింగులో సగం మంది ఊరికే కూకున్నారు" అని రాస్తే, తెలివైనవాడు గోనెసంచులు తక్కువొస్తాయని గ్రహించి ముందే అమ్ముకునేవాడు. వార్త అబద్ధం చెప్పకూడదు అని ఒక కాగితం మీద రాసి గోడకి అంటించాను. ధర ఎటైనా పోనీ, మేం చెప్పిన మాట మాత్రం జరగాలి. ఆ ఒక్క నియమం మీద ఆట నడిచింది. దాన్ని తప్పింది కూడా నేనే.

బ్రోకరు ఆఫీసు రోజుల్లో ఒక మాస్టారు మా దగ్గర షేర్లు కొనేవారు. బడి వదలగానే నేరుగా వచ్చేవారు. ఒక కంపెనీ షేరు పడిపోతూ ఉంటే, ఇంకా చవగ్గా దొరుకుతోందని మళ్లీ మళ్లీ కొనేవారు. ఆ కంపెనీ పని అయిపోయిందని నా తెరమీద నాకు కనబడుతూనే ఉంది. సలహా చెప్పడం డీలరు పని కాదు అని నాకు నేను చెప్పుకున్నాను. చివరికి ఆ షేరు అడిగే నాథుడు లేకుండా పోయింది. ఆ సాయంత్రం మాస్టారు వచ్చి, మంచినీళ్లు అడిగి తాగి, "వస్తానమ్మా" అని వెళ్లిపోయారు. నన్ను ఒక్కమాట అనలేదు. అనుంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో.

అందుకే ఆటకి రెండేళ్లు నిండాక, ఒక కంపెనీని మూసేద్దాం అని నేనే అన్నాను. షేరు సున్నా కూడా అవుతుందని కుర్రవాళ్లు ఉత్తుత్తి నాణేలతోనే తెలుసుకుంటే మంచిదన్నాను. ఏడింట్లో లాభం తక్కువున్నది గోగునార మిల్లు. నెలరోజులపాటు వార్తల్లో దాన్ని కొద్దికొద్దిగా దించాను. సంచులకి గిరాకీ లేదు, నార రావడం లేదు, ఒక షిఫ్టు ఎత్తేశారు. చివరికి "వచ్చే శుక్రవారం మిల్లు మూత" అని రాశాను. జనం ఉన్నవన్నీ వచ్చిన ధరకి అమ్ముకున్నారు.

శుక్రవారం వచ్చింది. మిల్లు మూతపడలేదు.

కారణం వెతికితే నా దగ్గరే తేలింది. మూసివేత ప్రకటించాక ఒక రోజంతా ఆడేవాళ్లలో ఒక్కరూ కొనకపోతేనే కంపెనీ మూతపడాలి అని మొదట్లో నేనే నియమం పెట్టాను. అడిగేవాడు ఉన్నంతవరకూ షేరు చచ్చిపోదు కదా అని. వార్త రాసేటప్పుడు ఆ సంగతి మరిచిపోయి తేదీ వేసేశాను. ఆ శుక్రవారం ఎవరో ఒకరు ఒకే ఒక్క షేరు కొన్నారు.

రెండు రోజులు తిట్లే తిట్లు. "మూత అన్నారని నమ్మి అమ్ముకున్నాం, మోసం చేశారు" అని ఒకరు, "మీ సొంతవాళ్లు కొనుక్కోడానికా?" అని ఇంకొకరు. సోమవారం ఆ పిల్ల లెక్క తీసింది. కొన్నది ఒకే ఆటగాడు. శుక్రవారం ఒక్కటే కాదు, ఏడాదికి పైగా రోజూ ఉదయం ఏడూ పదికి ఒక్క మిల్లు షేరు కొంటున్నాడు. ఎన్నడూ ఒక్కటి అమ్మలేదు. వేరే కంపెనీ ముట్టుకోలేదు.

"మనిషి కాదు మేడమ్. ఎవరో ప్రోగ్రాం రాసి వదిలారు. ఆ ఖాతా ఆపేద్దాం" అన్నాడు మా యజమాని.

ఆపేసే ముందు మాకొచ్చే ఫిర్యాదుల్లో ఆ ఖాతా పేరు వెతికాను. వారం కిందటి వాయిస్ మెసేజ్ ఒకటి, ఎవరూ వినకుండా పడి ఉంది. పెద్దావిడ గొంతు.

"అమ్మా, బాబూ, ఎవులైనా ఇంటన్నారా? మిల్లు మూసేత్తారని రాసినారు. మూసేత్తే మరి ఉత్తరం రాదా? ఉత్తరం రాకపోతే మా ఇంటాయనకి కట్టం. ఆయన ఇలాటి మిల్లులోనే సర్దారుగా, పనోల మీద మేస్త్రీగా సేసినోడు. కూసింత సూడండమ్మా."

కింద ఫోన్ నంబరు ఉంది. విన్నాక నాకు మాస్టారే గుర్తొచ్చారు. పాత మిల్లు మీది మమకారంతో, మునిగిపోయే షేరు పట్టుకుని వేలాడుతున్న మరో పెద్దాయన అనుకున్నాను. ఈసారి నోరు మూసుకోకూడదనుకున్నాను. యజమానిని ఒక్కరోజు గడువడిగి, ఆవిడకి ఫోన్ చేసి, మంగళవారం పొద్దున్నే బస్సెక్కాను.

గరివిడి దాటాక ఒక పల్లె. ఆవిడ రోడ్డు దాకా ఎదురొచ్చారు.

"ఓలమ్మ, ఉత్తరాలు రాసీది మీరేనేటి? నాను మొగోడనుకున్నాను. బీడీ కాల్చీవోడు రాసినట్టుంటాయి."

నా రాతకి వచ్చిన మెప్పుల్లో అంత గొప్పది ఇంకొకటి లేదు.

పెద్దాయన వరండాలో కుర్చీలో కూర్చున్నారు. ఇస్త్రీ చొక్కా. కుడిచెయ్యి ఒళ్లో కదలకుండా ఉంది. ఎదురుగా చిన్న బల్ల మీద ఒక చెక్కముక్కకి రబ్బరు బ్యాండ్లతో ఫోన్ కట్టి నిలబెట్టారు, ఎడమ బొటనవేలితో నొక్కడానికి వీలుగా. నమస్కారం పెడితే తల ఊపారు. ఒకవైపు పెదవి మాత్రమే నవ్వింది.

నేను దార్లో సిద్ధం చేసుకున్నదంతా ఒక్క ఊపులో చెప్పేశాను. "ఆ షేర్లు అమ్మెయ్యండి బాబుగారూ. అది ఇంక పైకి రాదు. రాసేదాన్ని నేనే, నా మాట నమ్మండి. ఇంకొక్కటి కూడా కొనొద్దు." గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఎన్నో ఏళ్ల కిందట ఇంకొకరికి చెప్పాల్సిన మాటలవి.

ఆయన భార్యవైపు చూశారు. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు, నవ్వాపుకోలేక.

"లాబం కోసం కొన్నాడనుకున్నారేటమ్మా? ఒకటి కొంటే ఉత్తరం వస్తాది. రోజూ పేపరు కొన్నట్టు కొంతన్నాడు, అంతే."

అప్పుడు ఆవిడే అంతా చెప్పారు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చింది. కాలు కొంత కుదురుకుంది గానీ మాట పోయింది. విజయనగరంలో మాటలు నేర్పే డాక్టరమ్మ, రోజూ పైకి చదివించండి, ఆయనకి బాగా తెలిసిన సంగతులైతే మంచిది అంది. పేపరు ఇస్తే నెట్టేశారు. ఒకటో తరగతి వాచకం ఇస్తే విసిరికొట్టారు. కోడలు ఫోనులో ఈ ఆట పెట్టి, మిల్లు ఉంది మావయ్యా అని చూపించింది.

"మీ ఉత్తరంలో బాబిను అని ఉన్నాది. నూలు సుట్టీది. అది సూసి, బాబిను అన్నాడమ్మ, గంట కొట్టినట్టు! ముప్పైయేడేళ్లు కాపరం సేసినాను, నా పేరు రాలేదు. బాబిను వచ్చినాది." ఆవిడ కళ్లు తుడుచుకుంటూనే ఆయన భుజం మీద ఒకటి వేశారు. "మావా, ఈయాల ఉత్తరం సదువు. అమ్మగారు ఇంటారు."

ఆయన బొటనవేలితో తెర జరిపారు. నా రెండు ముక్కలు చదవడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ప్రతి మాటా లోపలెక్కడో నుంచి బరువు మోసుకొచ్చినట్టు తెచ్చి బయట పెడుతున్నారు. నార. తడి. షిఫ్టు. తప్పు పలికితే ఆగి, మొదటికి వెళ్లి మళ్లీ అందుకుంటున్నారు. ముందురోజు భోజనాల వేళ, హడావుడిగా, రెండు నిమిషాల్లో రాసి పడేసిన ఉత్తరం అది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

చదవడం అయ్యాక, చెప్పకూడదనుకున్నది కూడా చెప్పేశాను. శుక్రవారం మూత అని నేను తేదీ వేసిన తప్పు, నమ్మి అమ్ముకున్నవాళ్ల కోపం, ఆయన కొన్న ఒక్క షేరు వల్ల మిల్లు మూత ఆగిపోవడం.

ఆయన తెర మీంచి బొటనవేలు తీశారు. తరవాత, "అంద...రూ?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పారు. "అందరూ బయటికి ఎల్లిపోనారా అని అడుగుతన్నాడు. మిల్లులో ఆయన కింద నలబై మంది పనిసేసీవోలు. షిఫ్టు దిగినప్పుడు ఆకరోడు ఎల్లిందాకా గేటు దాటీవోడు కాదు."

"అందరూ అమ్ముకున్నారు బాబుగారూ. మీరొక్కరే మిగిలారు" అన్నాను.

ఆయన ఎడమచెయ్యి పైకెత్తి, చాలు అన్నట్టు అడ్డంగా ఆడించారు. "సుక్కు...రారం. కొనను."

"మరి ఉత్తరమో?" అన్నారు ఆవిడ చప్పున. ఆయన ఎత్తిన చెయ్యి దించి ఒళ్లో పెట్టుకున్నారు. ఆవిడ మొహం చిన్నబోయింది. లోపలికి వెళ్లి నాకు చోడంబలి, అంటే రాగి అంబలి, గ్లాసుతో తెచ్చి ఇచ్చి, పక్కనే నిలబడ్డారు. నేను ఏదో ఒకటి చేస్తానని నోటిదాకా వచ్చింది. కానీ తేదీలూ మాటలూ ముందే ఇచ్చేసి ఇంతదాకా తెచ్చుకున్నాను కదా, మింగేశాను.

ఆఫీసుకొచ్చి జరిగింది చెప్పాను. ప్రోగ్రాం అన్న యజమాని, ఖాతా ఆపేద్దామన్న మాట వెనక్కి తీసుకున్నాడు. మిల్లు మూతపడాలి, అందులో మార్పు లేదు, అన్నాను. ఉత్తరం మాత్రం ఉండాలి. పని పోయినా మిల్లువాళ్లు ఒకళ్లకొకళ్లు ఉత్తరాలు రాసుకోకూడదా? షేరు లేకపోయినా, కావాలన్నవాళ్లకి పంపుదాం.

"షేరే లేనప్పుడు ఉత్తరం దేనికి మేడమ్? అందులో సూచన ఉండదు, లాభం ఉండదు. ఎవరు చదువుతారు?"

ఆ పిల్ల అందుకుంది. "సూచన లేదు కాబట్టే పంపొచ్చు సార్. దానివల్ల ఏ ధరా కదలదు, ఎవరికీ అన్యాయం జరగదు. నాకు అర పూట పని, అంతే."

"మరి రోజూ రాసేదెవరు? ఎన్నాళ్లు?"

"నేను. ఆయన చదివినన్నాళ్లు" అన్నాను.

"మీరు రిటైరైతే?"

"ఇంట్లోంచి రాస్తాను. దానికి జీతం అడగను లెండి."

అతను నవ్వేసి, సరే అన్నాడు. ముందుగా తప్పు ఒప్పుకుంటూ వార్త రాయించాడు. తేదీ వేయడం మా పొరపాటు, కొనేవాళ్లు లేని మొదటి రోజున మిల్లు మూతపడుతుంది, అని. అలా ఒప్పుకుంటూ రాసిన వార్త నా ఉద్యోగంలో అదొక్కటే. అన్నిటికంటే ఎక్కువమంది చదివిందీ అదే అయి ఉంటుంది.

శుక్రవారం ఏడు గంటలకే ముగ్గురం ఆఫీసులో ఉన్నాం. ఎవరూ ఎవర్నీ రమ్మనలేదు. ఏడూ పదికి ఆ పిల్ల, "వచ్చాడు పిన్నీ" అంది. పెద్దాయన ఆట తెరిచారు. మిల్లు పేజీకి వెళ్లారు. కొను అనే మీట మీద వేలు పెడితే మాకు తెలుస్తుంది. పెట్టలేదు. పేజీ అలాగే తెరిచి ఉంచారు. ఒక నిమిషం, మూడు నిమిషాలు, పదకొండు. తరవాత మూసేశారు.

ఆ తరవాత ఇంకెవరైనా సరదాకి ఒకటి కొంటారేమోనని రోజంతా బెంగ. యజమాని మధ్యాహ్నం భోజనానికి కూడా వెళ్లకుండా తెర ముందే కూర్చున్నాడు. ఆరు గంటలకి మార్కెట్ ముగిసింది. మిల్లు ధర సున్నా అయింది. బొమ్మలో మిల్లు కిటికీలు ఒకటొకటే ఆరిపోయాయి. బొమ్మలేసే కుర్రాడు అంత అందంగా ఎందుకు గీశాడో అనిపించింది. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. ఉత్తుత్తి మిల్లు కోసం ఇద్దరం కళ్లు తుడుచుకోవడం చూసి, కింద బట్టల కొట్టు పక్క నుంచి చాయ్ తెచ్చినావిడ కంగారుపడింది.

శనివారం ఉదయం మొదటి ఉత్తరం వెళ్లింది. ఈసారి రెండు నిమిషాల్లో రాయలేదు. ప్రతి మాటా నోటితో అనుకుని, నాలుక ఎక్కడ తడబడుతుందో చూసుకుని రాశాను. "అందరం బాగున్నాం సర్దారూ. కొందరం గోగు ఏసినాం. కొందరం మేకలు కొన్నాం. ప్రావిడెంటు ఫండు వచ్చినాది" అని. ఆ చివరిమాట నోటికి అడ్డంపడుతుందని తెలుసు. కానీ మిల్లు మూతపడ్డవాళ్లు మొట్టమొదట మాట్లాడుకునేది దాని గురించే కదా, ఉంచేశాను.

పదిగంటలకి ఆవిడ ఫోన్. ఉత్తరం వచ్చిందని సంతోషం, దీవెనలు, మళ్లీ ఎప్పుడొస్తారని అడగడం, అన్నీ అయ్యాక, "ఒక్క మాట సెప్తే ఏటీ అనుకోరు కదా? ఆ పావిడెంటు పండు మాటొకటి తీసెయ్యమ్మ. పొద్దున్నుంచి దాని కాడే ఆగిపోనాడు. అంబలి కూడా తాగలేదు."

"అయ్యో, ఇప్పుడే తీసేస్తానమ్మా" అన్నాను.

వెనక నుంచి కుర్చీ జరిగిన చప్పుడు. తరవాత ఆయన గొంతు, మెల్లగా, కోపంగా. "తియ్యొ...ద్దు. ఉంచు."

ఉంచాను. ఆదివారం ఉత్తరంలోనూ అదే మాట పెట్టాను, సోమవారమూ పెట్టాను. చదివేవాళ్లు వేరే ఎవరైనా ఉంటే, ఈ మిల్లువాళ్లకి ఇంకో ధ్యాస లేదా అని విసుక్కుని ఉంటారు. బుధవారం పొద్దున నేను కూర తరుగుతుండగా ఫోన్ మోగింది. ఆవిడ నంబరే. హలో అన్నాను. ఊపిరి మాత్రం వినబడుతోంది. కత్తిపీట పక్కకి జరిపి ఆగాను.

"పావిడెంటు పండు" అన్నారాయన. ఎక్కడా ఆగకుండా, ఒక్క ఊపున.

అందులో రావత్తు లేదు. ఉండనక్కర్లేదు, మా వైపు ఆ మాటని రావత్తుతో పలికినవాళ్లని నేను ఇంతవరకూ చూడలేదు.